ఎర్త్ తీగ వెనుక కథ

గోపాలపూర్ లాంటి సముద్రతీరపు ఊళ్లలో కార్లకు ఒక జబ్బు వస్తుంటుంది. బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ కొడితే ఇంజిన్ మూలుగుతుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి. అదనపు ఎర్త్ తీగలు, వోల్టేజి స్టెబిలైజర్లు బిగిస్తే నయమవుతుందని కొందరు చెబుతారు. వాటికి డబ్బు పెట్టవచ్చా? దీనికి జవాబు రెండు వందల ఏళ్ల నాటి ఓ అన్వేషణలో ఉంది.

తాళాలు చేసే ఇంట పుట్టిన గెయోర్గ్ ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులు. తీగ మారితే విద్యుత్తు ఎంత మారుతుందో తేల్చాలని పంతం పట్టాడు. కానీ ఆనాటి వోల్టా ఘటాల బలం నిలకడగా ఉండేది కాదు. 1825లో ఆయన ప్రకటించిన సూత్రం తప్పని తేలింది. అప్పుడు పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు ఓ దారి చూపాడు. రాగిని, బిస్మత్‌ను అతికి, ఒక అతుకును మరిగే నీటిలోనూ మరొకదాన్ని మంచులోనూ ఉంచితే నిలకడైన విద్యుత్తు వస్తుంది. దానితో 1826లో ఓమ్‌కు అసలు సూత్రం చిక్కింది. దారిలో నిరోధం పెరిగినకొద్దీ విద్యుత్తు తగ్గుతుంది. మరుసటి ఏడు పుస్తకం వేస్తే స్వదేశంలో ఆదరణ దక్కలేదు. మనసు విరిగి ఉద్యోగం వదిలేశాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే ఆయన శ్రమకు గుర్తింపు వచ్చింది.

ఈలోగా 1838లో ఓ వైఫల్యం మరో మేలు చేసింది. స్టైన్‌హైల్ అనే మరో జర్మన్ శాస్త్రజ్ఞుడు రైలు పట్టాలనే టెలిగ్రాఫ్ తీగలుగా వాడబోయాడు. ఒక పట్టాలోని విద్యుత్తు నేలగుండా రెండో పట్టాకు జారిపోయింది. ప్రయోగం చెడింది గానీ ఆయన ఆలోచన ఆగలేదు: నేలే విద్యుత్తును మోస్తుంటే తిరుగుదారికి వేరే తీగ ఎందుకు? అలా ఒక్క తీగతోనే టెలిగ్రాఫ్ నడిపి చూపాడు.

తర్వాత కార్ల ఇంజినీర్లు అదే ఉపాయాన్ని ఉక్కు బాడీకి వర్తింపజేశారు. బల్బుకు ఒక్క తీగ వెళ్తే చాలు, తిరుగుదారి బాడీయే. ఆ బాడీని, ఇంజిన్‌ను బ్యాటరీకి కలిపేదే ఎర్త్ తీగ. 1912 మోడల్ కాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టర్ పెట్టడంతో చేతితో హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది. కానీ ఆ స్టార్టర్ ఎక్కువ విద్యుత్తు లాగడంతో ఈ దారికి భారం పెరిగింది. 1950ల నడుమ అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారడానికి ఓ కారణం ఇదే. వోల్టేజి రెట్టింపైతే అదే పనికి సగం విద్యుత్తు చాలు, దారిలో నష్టమూ తగ్గుతుంది.

సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఎర్త్ అతుకులో ఓములో నూరో వంతు నిరోధం చేరినా 1.5 వోల్టులు అక్కడే పోతాయి. ఉప్పుగాలి చేసేది సరిగ్గా ఇదే. తేమతో కలిసి అతుకుల్లో తుప్పు, చిలుము పట్టిస్తుంది.

కాబట్టి కొనేముందు కొలవండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని ఇంజిన్ లోహానికి తాకించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే, అదనపు తీగతో చెప్పుకోదగ్గ లాభం ఉండదు. అర వోల్టు దాటితే బ్యాటరీ తీగ విప్పి, ఎర్త్ అతుకులను గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన గ్రీజు పూయండి. తీగ లోపలే కుళ్లితే కొత్తది వేయించండి. పెద్ద ఆంప్లిఫయరో అదనపు దీపాలో పెట్టించినప్పుడు లావు తీగ న్యాయమైన ఖర్చే. ఇక స్టెబిలైజర్ సంగతి: ఆల్టర్నేటర్‌లోని రెగ్యులేటర్ ఇంచుమించు 14 వోల్టుల దగ్గర ఆ పని చేస్తూనే ఉంది. మంచి స్థితిలో ఉన్న కారుకు ఆ పెట్టె అక్కర్లేదు. తీరంలో ఉండేవారు ఆ డబ్బును ఏటా వానలు వెలిశాక అతుకులు శుభ్రం చేయించడానికి వాడితే మేలు.