విద్యుత్ గ్రిడ్‌కు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వాహనాల తోడ్పాటు

పెట్రోలు ఇంజనుతో పాటు ప్లగ్గు పెట్టి ఛార్జి చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న వాహనం ప్లగ్-ఇన్ హైబ్రిడ్. కరెంటు మిగిలే వేళ ఛార్జి ఎక్కించుకుని, వాడకం పెరిగిన వేళ కొంత తిరిగి గ్రిడ్‌కు ఇచ్చే ఏర్పాటునే 'వెహికల్ టు గ్రిడ్' అంటారు. దీనికి రెండు వైపులా పనిచేసే ఛార్జరు, రాకపోకలు రెంటినీ లెక్కకట్టే మీటరు అవసరం.

చరిత్ర

అమెరికాలో ఇంజనీరు ఆండ్రూ ఫ్రాంక్ 1970ల నుంచే హైబ్రిడ్ నమూనాలు తయారుచేశారు. కార్లు రోజులో ఎక్కువసేపు నిలిచే ఉంటాయి కనుక వాటి బ్యాటరీలు గ్రిడ్‌కు పనికొస్తాయని పరిశోధకులు విల్లెట్ కెంప్టన్, స్టీవెన్ లెటెండర్ 1997లో ప్రతిపాదించారు. 2004లో కాల్‌కార్స్ బృందం టయోటా ప్రియస్‌ను ప్లగ్-ఇన్‌గా మార్చింది. 2013లో జపాన్‌లో వచ్చిన మిత్సుబిషి అవుట్‌లాండర్ 1500 వాట్ల వరకు బయటి ఉపకరణాలకు కరెంటు ఇవ్వగలిగింది. బ్యాటరీ అయిపోయినా ఇంజనుతో కరెంటు తీయగలగడం ఈ రకం ప్రత్యేకత. పెట్రోలు ఖర్చు, పొగ దాని పరిమితులు.

భారతదేశంలో

2016లో వచ్చిన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వోల్వో ఎక్స్‌సీ90 టీ8 ధర కోటి రూపాయలు దాటింది. 2022 నాటి టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కు ప్లగ్గే లేదు. 2023లో కొత్త రూపంలో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారు మాత్రం ఇతర ఉపకరణాలకు, మరో కారుకు కరెంటు ఇస్తుంది.

జగ్గయ్యపేట, నందిగామ

ఈ ఏర్పాటు చిన్న పట్టణాల్లో ఎంతవరకు పనికొస్తుందో చూడటానికి జగ్గయ్యపేట, నందిగామలను ఉదాహరణగా తీసుకుందాం. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని ఈ పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి వీటి మీదుగానే సాగుతుంది. ఇలాంటి రహదారులకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఛార్జింగ్ కేంద్రం ఉండాలని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి.

మిగులు కరెంటును దాచే పని ఈ ప్రాంతానికి ఎగువన నాగార్జునసాగర్‌లో నీటితో జరుగుతుంది. అక్కడి 7 రివర్సిబుల్ యూనిట్లు, ఒక్కొక్కటి సుమారు 100 మెగావాట్లు, అవసరమైనప్పుడు దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తగలవు. ఒక్కో కారు 3 కిలోవాట్లు ఇస్తుందనుకున్నా అలాంటి ఒక్క యూనిట్‌కు సాటి రావాలంటే 33 వేలకు పైగా కార్లు ఒకేసారి ప్లగ్గుకు తగిలించి ఉండాలి.

అందువల్ల వాహనాలు కొద్దిగానే ఉన్నచోట ముందుగా అందే మేలు ఛార్జింగ్ వేళను మార్చుకోవడమే. పగలు తక్కువ, పీక్ వేళ ఎక్కువ ధర ఉండేలా కేంద్రం 2023లో తెచ్చిన నిబంధనలు ఇందుకు ఊతమిస్తాయి. సాయంత్రం వీధి ట్రాన్స్‌ఫార్మరు మీద భారం తగ్గించడానికి రెండు వైపుల ఛార్జరు కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం సౌర విద్యుత్ దండిగా ఉన్నప్పుడు ఛార్జి పెట్టుకుంటే చాలు.