కారు రేడియో వెనక ఏ తీగ ఎప్పుడు చేరింది

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామాన్లలో టేప్‌రికార్డరు తప్పక ఉన్న కాలం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లకు బాగా గుర్తు. ఆ పాటల మోజే కార్లలోకీ ఎక్కింది. పాత కారు కొన్నాక కంపెనీ సెట్టు ఊడదీసి కొత్తది పెడదామంటే, వెనక రంగురంగుల తీగల గుత్తి. రంగులను నమ్మొద్దు, కంపెనీకో తీరు. ఏ తీగ ఎందుకు పుట్టిందో తెలిస్తే పోల్చుకోవడం తేలిక.

1930లో చికాగోలో పాల్ గాల్విన్ మోటరోలా పేరుతో కారు రేడియో తెచ్చారు. అప్పటి కారు బ్యాటరీ 6 వోల్టులే. వాల్వులకు అది చాలక విడి బ్యాటరీలు మోయాల్సి వచ్చింది, తర్వాత వోల్టేజీ పెంచడానికి తోడ్పడే వైబ్రేటరు ఆ పని చేసింది. ట్రాన్సిస్టర్లు వచ్చాక కరెంటుకు ఒక తీగ, స్పీకరుకు ఒకటో రెండో చాలేవి. ఎర్తు కారు బాడీయే.

స్టేషన్లను గుర్తుపెట్టుకునే ఎలక్ట్రానిక్ సెట్లతో రెండో కరెంటు తీగ పుట్టింది. తాళం తీసినా అందులో ఇప్పటి బ్యాటరీ 12 వోల్టులుంటాయి. బయట కొనే సెట్లలో ఇది పసుపు, తాళంతో వచ్చేది ఎరుపు. రెండూ తారుమారైతే తాళం తీసినప్పుడల్లా స్టేషన్లు చెరిగిపోతాయి. కలిపి కడితే బ్యాటరీ దిగిపోవచ్చు.

స్పీకర్లు నాలుగయ్యాక తీగలు ఎనిమిదయ్యాయి. పాత అలవాటుకొద్దీ స్పీకరు మైనస్‌ను బాడీకి కలిపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఇప్పటి ఆంప్లిఫయరులో స్పీకరు రెండు కొసలూ ఐసీ నుంచే వస్తాయి, ఒకదాన్ని ఎర్తు చేస్తే ఐసీ కాలిపోవచ్చు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట.

ఐఎస్ఓ 10487 ప్రమాణం ప్రకారం చేసిన సాకెట్టులో ఏ పిన్ను దేనిదో ఖాయం: 4 ఎప్పుడూ ఉండే కరెంటు, 7 తాళంది, 8 ఎర్తు. అయినా పాత ఫోక్స్‌వ్యాగన్లు కొన్నింట్లో 4, 7 తారుమారుగా ఉంటాయి. అందుకే మల్టీమీటరుతో చూడాలి. నల్ల కొసను బాడీ బోల్టుకు ఆనించి, తాళం లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి, సెట్టు దీపం తీగ కోసం లైట్లు వేసి ఒకసారి. సెట్టు విప్పాక స్పీకరు జతకు 1.5 వోల్టుల సెల్లు క్షణం తాకిస్తే టక్కుమంటుంది. కోను ముందుకొస్తే సెల్లు ప్లస్ తగిలిందే స్పీకరు ప్లస్. ఎయిర్‌బ్యాగు తీగలను మాత్రం ముట్టొద్దు. వాటి కనెక్టర్లు సాధారణంగా పసుపు.

కొత్త కార్లు కొన్నింట్లో తాళం తీగే ఉండదు. తాళం పెట్టిన సంగతి క్యాన్ అనే రెండు తీగల మీద డిజిటల్ సందేశంగా సెట్టుకు చేరుతుంది. అక్కడ మీటరుతో వెతికితే దొరకదు, ఆ సందేశాన్ని చదివే అడాప్టరు కావాలి.