చీటీ పోయిన దారి

పొద్దున్నే చేవెళ్లలో హైదరాబాదు బస్సు కోసం నిలబడే జనాన్ని చూడండి. కూరగాయల గంపలవాళ్లు ఉంటారు, కాలేజీ పిల్లలు ఉంటారు, పనికి పోయే మేస్త్రీలు ఉంటారు. వాళ్ల మధ్యన ప్లాస్టిక్ సంచి గుండెకు అదుముకొని నిలబడినవాళ్లు కొందరు కనిపిస్తారు. ఆ సంచిలో ఎక్స్‌రే, మందుల కవర్లు, ఆధార్ జిరాక్సు, ఒక చీటీ ఉంటాయి. ఆ చీటీ మీద పెద్దాసుపత్రికి పంపుతున్నాం అని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఏ పెద్దాసుపత్రి, అక్కడ ఏ గది, ఏ రోజు ఆ డాక్టరు ఉంటాడు అన్నది చాలాసార్లు రాసి ఉండదు.

మన పిల్లలకు కాకతీయుల చరిత్ర చెప్తాం, నిజాంల చరిత్ర చెప్తాం. మన అమ్మానాన్నల చేతిలోని ఈ చీటీకి కూడా ఒక చరిత్ర ఉంది. అది ఎట్లా పుట్టింది, ఎందుకు ఇట్లా సగం రాతతో మిగిలిపోయింది అన్నది ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను.

ఈ ప్రాంతంలో ఆ కథను మూసీ నది నుంచి మొదలుపెట్టాలి. మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి మన పక్క నుంచే పట్నానికి పోతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద హైదరాబాదును ముంచింది. అఫ్జల్‌గంజ్‌లో 1860లలో కట్టిన సర్కారు దవాఖాన ఆ వరదలోనే పోయింది. దవాఖాన పక్కనున్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మళ్లీ అట్లాంటి వరద రాకుండా ఉండడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు కట్టారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట చెరువు. 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్. ఈ రెండింటికీ నడుమ 1925లో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనం పూర్తయింది. ఒకే వరద మన మొయినాబాదు వైపు నేలను చెరువు కిందికి తెచ్చింది, పట్నానికి పెద్ద దవాఖానను ఇచ్చింది. అప్పటి నుంచి మన నీళ్లూ మన రోగులూ ఒకే వైపు పోతున్నారు.

ఒక్క క్షయ రోగం విషయంలో దారి తిరగబడింది. గాలి మంచిదని అనంతగిరి కొండ మీద నిజాం కాలంలోనే క్షయ ఆసుపత్రి పెట్టారు. పట్నం రోగులు మొయినాబాదు, చేవెళ్ల మీదుగా మర్రిచెట్ల నీడన ఈ రోడ్డు పట్టుకొని పైకి వచ్చేవాళ్లు. ప్రత్యేక వైద్యం కోసం పట్నమే పల్లె వైపు నడిచిన కాలం అదొక్కటే అనిపిస్తుంది.

ఇక చీటీ పుట్టుక. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1946లో నివేదిక వచ్చింది. వైద్యానికి మూడు మెట్లు ఉండాలని అందులో రాశారు. ఊరికి దగ్గరలో పది ఇరవై వేల జనానికి 75 పడకల ఆసుపత్రితో మొదటి మెట్టు, దాని మీద 650 పడకల రెండో మెట్టు, ఆ పైన జిల్లాకు 2,500 పడకల మూడో మెట్టు. అన్ని డబ్బులు వెంటనే ఉండవు కాబట్టి ముందు 40,000 జనానికి ఒక చిన్న కేంద్రం పెట్టండి అన్నారు. మనకు దక్కింది ఆ చిన్న కేంద్రమే. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో బ్లాకుల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. పెద్ద లెక్క పుస్తకంలోనే ఉండిపోయింది. నడిమి మెట్టు బలంగా ఉంటేనే కింది డాక్టరు రాసిన చీటీకి విలువ. నడిమి మెట్టు లేనప్పుడు చీటీ నేరుగా ఉస్మానియాకే పోతుంది.

తరువాత జనాభా కొలతలు మారాయి. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000కు, 20,000కు ఒకటి. ఇక్కడ మనవాళ్లు గమనించాల్సిన సంగతి ఉంది. ఈ కొలత మనిషిని చూడదు, నేలను చూస్తుంది. చేవెళ్ల, మొయినాబాదు షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఇక్కడి తండా మనిషి కులం సర్టిఫికెట్‌లో గిరిజనుడే, ఆసుపత్రి లెక్కలో మాత్రం మైదానం మనిషి. నేను ఏజెన్సీలో పుట్టి ఇటువైపు పాఠాలు చెప్పడానికి వచ్చినవాణ్ని. అక్కడ దూరం మనల్ని చంపుతుంది. ఇక్కడ దగ్గరతనమే దెబ్బ కొడుతుంది. పట్నం గంటన్నర దూరంలోనే ఉంది కదా, ఇక్కడ పెద్ద డాక్టరు ఎందుకు అన్న మాట చాలా ఏళ్లు చెల్లింది.

జిల్లా సరిహద్దుల తమాషా కూడా చూడండి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పట్నం చుట్టూ ఉంగరంలా గీసిన జిల్లా అది. జిల్లా ఆసుపత్రి మాత్రం కర్ణాటక సరిహద్దున తాండూరులో ఉండేది. కాగితం లెక్కన మొయినాబాదు రోగి పడమటకు తాండూరు పోవాలి. ఉస్మానియా దగ్గరగా తూర్పున ఉండగా ఎవరు పోతారు? 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు తాండూరు వికారాబాదు జిల్లాకు పోయింది. ఇప్పుడు కొండాపూర్‌లో ఉంది మన జిల్లా ఆసుపత్రి. హైటెక్ సిటీ పక్కన.

ఇంకో చిక్కు 1986లో వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి వైద్య విధాన పరిషత్తును పెట్టింది. నడిమి ఆసుపత్రులను బాగు చేయడమే దాని ఉద్దేశం, అది మంచిదే. కానీ మూడు మెట్లకు ముగ్గురు యజమానులు అయ్యారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్రజారోగ్య శాఖది. నడిమి ఆసుపత్రి పరిషత్తుది. ఉస్మానియా, గాంధీ, నీలోఫర్ వైద్య విద్యా శాఖవి. మన చేతిలోని చీటీ మూడు ఆఫీసుల సరిహద్దులు దాటాలి. కింది డాక్టరు రాసింది పై డాక్టరు చదవాలని గానీ, పై డాక్టరు చేసింది కింది డాక్టరుకు తెలియాలని గానీ అడిగే మనిషి ఒక్కడు లేడు. సముదాయ ఆరోగ్య కేంద్రం అంటే 30 పడకలు, నలుగురు నిపుణులు ఉండాలని లెక్క: శస్త్రచికిత్సకు ఒకరు, మామూలు జబ్బులకు ఒకరు, కాన్పులకు ఒకరు, పిల్లలకు ఒకరు. నలుగురూ ఒకే రోజు కుర్చీలో ఉన్నప్పుడే ఆ మెట్టు మెట్టుగా పనిచేస్తుంది.

పట్నంలో దిగాక మరో పరీక్ష. అక్కడ ఒక్కో అవయవానికి ఒక్కో దవాఖాన. పిల్లలకు నీలోఫర్. 1953లో తెరిచారు. కాన్పులో తన పనిమనిషి చనిపోతే నిజాం కోడలు నీలోఫర్ పట్టుబట్టడంతో వచ్చింది అది. క్యాన్సర్‌కు ఎం.ఎన్.జె., చెవి ముక్కు గొంతుకు కోఠి, ఊపిరితిత్తులకు ఎర్రగడ్డ, జ్వరాలకు నల్లకుంట. కంటి రోగి ఒక్కడే అదృష్టవంతుడు, చేవెళ్ల బస్సు మెహిదీపట్నంలో ఆగితే సరోజినీదేవి కంటి ఆసుపత్రి అక్కడే. మిగిలినవాళ్లు ఇంకో బస్సు, ఆపైన ఆటో.

చేవెళ్ల పేరు ఈ చరిత్రలో ఇంకోచోట కూడా వస్తుంది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖర రెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. ఆయన డాక్టరు. ముఖ్యమంత్రి అయ్యాక 2005 ఆగస్టులో 108 అంబులెన్సులు, 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాయి. 2008 నాటికి ఆరోగ్యశ్రీ రాష్ట్రమంతా వచ్చింది. చీటీ రాసే పద్ధతి దాంతో మారింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆరోగ్యమిత్ర కూర్చున్నాడు. ఏ జబ్బుకు ఏ ఆసుపత్రి అన్నది మొదటిసారి పేరు పెట్టి చెప్పాడు. గుండె ఆపరేషను అయిన పేదింటి పిల్లలు ఇవాళ మన బళ్లలో చదువుతున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ డబ్బు ఎక్కువగా పోయింది ప్రైవేటు ఆసుపత్రులకు, జాబితాలో ఉన్న పెద్ద జబ్బులకు. నడిమి మెట్టు మళ్లీ పక్కన పడింది. చీము కారే చెవి, ఆగని దగ్గు, మెల్లగా తగ్గే చూపు ఆ జాబితాలోకి రావు. పైగా తెల్ల రేషన్ కార్డే ఆ దారికి టికెట్టు. పనికోసం ఊళ్లు తిరిగే కుటుంబాల దగ్గర మొదట లేనిది అదే.

మా బడి సంగతి ఒకటి చెప్తాను. 2013లో కేంద్రం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం బడికి వచ్చి పిల్లలను చూస్తుంది, లోపం కనిపిస్తే చీటీ రాస్తుంది. నాలుగో తరగతి పిల్ల ఒకతె పిలిస్తే పలికేది కాదు. మొండిది అనుకున్నాను. ఆ తప్పు నాదే. బృందం వచ్చి చూసి చెవిలో చీము అని చీటీ రాసింది. వాళ్ల నాయన కూలి మానుకొని పట్నం తీసుకుపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి, "సారూ, పెద్ద డాక్టరు ఇయ్యాల లేడన్నరు, గురువారం రమ్మన్నరు" అన్నాడు. గురువారం పోతే కొత్త ఓపీ చీటీ తెమ్మన్నారు, వరస అయిపోయింది. మూడోసారి నేను కూడా పోయాను. నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడేసరికి పని గంటలో అయింది. చూసిన డాక్టరమ్మ చాలా మంచిది, మందులు రాసింది, ఆరు వారాలకు మళ్లీ చూపించమంది. కానీ ఏం చేసిందీ మా ఊరి ఆరోగ్య కేంద్రానికి తెలియలేదు. ఆ కాగితం నాయన చొక్కా జేబులో ఉండి ఉతుకులో పోయింది. ఆరు వారాల తరువాత ఏం చూపించాలో ఎవరికీ గుర్తు లేదు.

మూడు మెట్ల ఆలోచనలో చీటీకి రెండు దారులుంటాయి, పైకి ఒకటి, కిందికి ఒకటి. పైన చూసిన డాక్టరు రాసి పంపితే, తరువాతి మందులు, కట్లు, పరీక్షలు ఊరి దగ్గరే జరగాలి. కిందికి వచ్చే దారి మన దగ్గర ఎప్పుడూ వేయలేదని నా అభిప్రాయం. 2018లో హైదరాబాదులో తెలంగాణ డయాగ్నస్టిక్స్ పెట్టాక రక్తం సీసా పట్నం పోయి రిపోర్టు ఊరికి తిరిగొచ్చే ఏర్పాటు మొదలైంది. రక్తం తిరిగి కబురు పంపగలిగినప్పుడు మనిషి గురించిన కబురు ఎందుకు రాదు?

విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో ఎస్టీ సెల్ ఉంది. పాడేరు వైపు కొండల నుంచి వచ్చిన రోగిని అక్కడి మనిషి పలకరించి, ఏ వార్డో చూపించి, కాగితాలు రాయించి పంపుతాడు. పెద్ద యంత్రం ఏమీ కాదు, ఒక బల్ల, మన మాట తెలిసిన ఒక మనిషి. అది ఏజెన్సీవాళ్లను దృష్టిలో పెట్టుకొని పుట్టింది. మైదానపు తండాల నుంచి వచ్చేవాళ్లకు కూడా అట్లాంటి బల్ల కావాలని అడగడానికి ఇది సమయం. పాత ఉస్మానియా భవనంలోకి 2020 జులైలో వాన నీళ్లు వస్తే రోగులను ఖాళీ చేయించారు, 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. గోడలు లేస్తున్నప్పుడే అడగాలి, లేచాక గది లేదంటారు.

అప్పటిదాకా టీచర్లం చేయగలిగింది చిన్నదే. మా బడిలో ఒక నోటుబుక్కు పెట్టాను. పిల్ల పేరు, చీటీ రాసిన తేదీ, ఏ ఆసుపత్రి ఏ విభాగం, పోయి వచ్చిన తేదీ, మళ్లీ ఎప్పుడు పోవాలి. చివరి గడిలో, అక్కడి డాక్టరు రాసిన కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి ఆరోగ్య కేంద్రానికి ఇచ్చిన తేదీ. ఆ గడిలో తేదీలు ఇంకా తక్కువే. ఆశా అక్క బడికి వచ్చినప్పుడల్లా ముందు ఆ నోటుబుక్కు అడుగుతుంది.