రంగస్థల సాంకేతిక వృత్తివిద్య

రంగస్థల సాంకేతిక వృత్తివిద్య అనగా నాటకం, నృత్యం, సంగీత కచేరీ, సభ, ఉత్సవం వంటి ప్రత్యక్ష ప్రదర్శనలకు కావలసిన వేదిక నిర్మాణం, దీపాల అమరిక, ధ్వని నిర్వహణ, తెరలు, ఆహార్యం, ప్రేక్షకుల భద్రత మొదలగు పనులను పాఠశాల లేక ఇంటర్మీడియట్ స్థాయిలో నేర్పే విద్య. నటన, గానం, నృత్యం నేర్పే విద్యకు ఇది భిన్నమైనది. ప్రేక్షకునికి కనిపించే కళాకారుని వెనుక, కనిపించకుండా పనిచేసే వారి విద్య ఇది.

తెలుగునాట ఈ పనులకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. అయితే ఆ నేర్పు ఎక్కువగా కుటుంబాలలోను, నాటక సమాజాలలోను, మైక్‌సెట్టు, షామియానా దుకాణాలలోను చేతి నుండి చేతికి అందుతూ వచ్చినది. పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థికి ఈ రంగంలోకి చదువు ద్వారా ప్రవేశించే దారి చాలా ఇరుకైనది. పరికరాలు మారిపోయి, ప్రదర్శనల పరిమాణం పెరిగిన తరువాత ఈ లోటు ప్రాణాపాయాలకు కూడా సంబంధించిన విషయమైనది.

పూర్వరంగం

విద్యుత్తు రాకముందు కూచిపూడి భాగవతులు, వీధినాటకాల వారు కాగడాల వెలుగులో ప్రదర్శించేవారు. ముఖ్యపాత్ర ప్రవేశించే వేళ కాగడా మంటపై గుగ్గిలం పొడి చల్లి ఒక్కసారిగా వెలుగు పెంచేవారు. ఇద్దరు మనుషులు పట్టుకున్న తెర వెనుక పాత్ర నిలిచి, కొంతసేపు ఊరించి తరువాత బయటపడేది. దీపాన్ని, తెరను కథకు అనుగుణంగా నడపడం అనే ఆలోచన మనకు పాతదేనని దీనివల్ల తెలుస్తున్నది. తోలుబొమ్మలాటలో దీపమే సగం ప్రదర్శన.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశంలో పర్యటించి పందిళ్ళు, రంగుల తెరలతో కూడిన నాటకాన్ని పరిచయం చేసినది. అదే సంవత్సరంలో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థులతో నాటక ప్రదర్శన చేయించాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ ప్రదర్శనతో సురభి నాటక సమాజానికి అంకురార్పణ చేశాడు. తరువాత ఆ కుటుంబం శాఖోపశాఖలుగా విస్తరించినది.

సాంకేతిక దృష్టితో చూస్తే సురభి వారి చరిత్ర ఒక పెద్ద పాఠశాల చరిత్రే. నారదుడు ఆకాశం నుండి దిగిరావడం, మాయాబజారులో లడ్డూలు గాలిలో తేలివచ్చి ఘటోత్కచుని నోటిలో పడడం, రెప్పపాటులో అడవి తెర పోయి అంతఃపురం తెర రావడం వారి ప్రత్యేకతలు. సన్నని తీగలు, కప్పీలు, కొయ్య చట్రాలు, తీగ కనబడకుండా చేసే వెలుగు, అన్నిటికంటె ముఖ్యంగా తాడు పట్టుకున్న మనిషి సమయస్ఫూర్తి దీనికి ఆధారం. సురభి పిల్లలు నడక నేర్చిన నాటి నుండి తెర వెనుక తిరుగుతూ ఏ ముడి ఎంత బరువు మోస్తుందో గ్రహించేవారు. సురభి బాబ్జీగా ప్రసిద్ధుడైన ఆర్. నాగేశ్వరరావు 2013లో పద్మశ్రీ పురస్కారం పొందాడు, 2022లో మరణించాడు. ఈ విధమైన విద్యకు వ్రాతపూర్వకమైన పాఠ్యప్రణాళిక లేదు. ఆ కుటుంబంలో పుట్టని వారికి అది అందుబాటులో లేదు.

విజయవాడ, కృష్ణా డెల్టా

1910లలో మైలవరం జమీందారుల పోషణలో బాలభారతీ నాట్య సమాజం ప్రసిద్ధికెక్కినది. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడినది. 1943లో ఏర్పడిన ప్రజా నాట్యమండలి దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గాన్ని చూపినది: తెరలు, భారీ అలంకరణలు లేకుండా పల్లెలో దొరికిన వాటితోనే వేదిక కట్టుకోవడం. పరిమిత వనరులతో ప్రదర్శన నిలబెట్టడం కూడా సాంకేతిక నైపుణ్యమే అన్న సంగతి తరచు మరుగునపడుతున్నది.

విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీత నృత్య కళాశాల, గాంధీనగరంలోని హనుమంతరాయ గ్రంథాలయం నాటకాలకు, నృత్యాలకు పేరుపొందిన స్థలాలు. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి, బందరు రోడ్డు కలిసే బెంజ్ సర్కిల్ పరిసరాలలో కల్యాణ మండపాలు, హోటళ్ళు, కళాశాలలు పెరిగి, వేడుకల వ్యాపారం కూడా ఇటువైపు విస్తరించినది. 2016 డిసెంబరులో బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియంలో 6,117 మంది కలిసి చేసిన కూచిపూడి నృత్యం గిన్నిస్ రికార్డులకెక్కినది. అంతమందికి ఒకే తాళం ఒకే క్షణంలో వినిపించాలంటే ధ్వని ప్రయాణకాలాన్ని లెక్కకట్టగల మనిషి కావాలి.

కృష్ణకు ఆవలి ఒడ్డున పల్నాడులోని కోటప్పకొండ తిరునాళ్ళను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మహాశివరాత్రికి గ్రామాల వారు 80, 90 అడుగుల ఎత్తున కట్టే విద్యుత్ ప్రభలు గాలికి తట్టుకొని నిలబడతాయి. వాటిపై వేల దీపాలు జనరేటర్లతో వెలుగుతాయి. ఈ కట్టడాల వెనుక ఉన్న వడ్రంగులు, విద్యుత్ పనివారు తమ పనిని ఏ తరగతి గదిలోను నేర్చుకోలేదు.

ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో స్థానం

కొఠారీ కమిషన్ (1964-66) మాధ్యమిక విద్యలో వృత్తివిద్యకు ప్రాధాన్యం ఇవ్వాలని సూచించినది. 1986 జాతీయ విద్యావిధానం 1995 నాటికి హయ్యర్ సెకండరీ విద్యార్థులలో 25 శాతం మంది వృత్తివిద్యలో చేరాలని లక్ష్యంగా పెట్టుకొనగా, 1992లో ఆ గడువును 2000 సంవత్సరానికి మార్చారు. 1986లోనే అప్రెంటిస్‌షిప్ చట్టాన్ని సవరించి, ఈ కోర్సులు చదివినవారికి కూడా అప్రెంటిస్ శిక్షణ పొందే అవకాశం కల్పించారు.

ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్, కంప్యూటర్ గ్రాఫిక్స్ అండ్ యానిమేషన్, గార్మెంట్ డిజైనింగ్, టూరిజం వంటి కోర్సులు స్థానం సంపాదించుకున్నవి. బయటి సంస్థలలో పని నేర్చుకొనే శిక్షణ ఈ చదువులో భాగం. బ్రిడ్జి కోర్సు చేసినవారికి పై చదువులకు వీలు కలదు. వేదికకు కావలసిన విద్యలలో చాలా భాగం ఈ కోర్సులలో చెదురుమదురుగా ఉన్నవన్నమాట. దుస్తులు ఒకచోట, తీగలు ఒకచోట, బొమ్మలు మరొకచోట. వాటిని ఒక ప్రదర్శన చుట్టూ కలిపి చెప్పే ఏర్పాటు మాత్రం వేళ్ళూనలేదు.

ఇక ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదు విశ్వవిద్యాలయం, పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల కళలను బోధించిన సంస్థలలో ముఖ్యమైనవి. కాని అవి ఉన్నతవిద్యా స్థాయికి చెందినవి, వాటిలో అధిక ప్రాధాన్యం నటనకు, దర్శకత్వానికి దక్కినది. 1959లో ఏర్పడిన ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాలలో రంగాలంకరణ ప్రత్యేకాంశంగా ఉన్నా, అక్కడ ప్రవేశానికి డిగ్రీ అవసరం. పదహారేళ్ళ వయసులో దీపాల నిచ్చెన ఎక్కే కుర్రవానికి ఈ తలుపులలో ఏదీ తెరుచుకోదు.

పాఠ్యాంశాలు ఎందుకు మారాలి

రంగస్థల పరికరాలు మారిన తీరు చూస్తే పాత విద్యుత్ పాఠం ఎందుకు చాలదో అర్థమగును. ఒక వేదికకు 1,000 వాట్ల హాలోజన్ దీపాలు 24 వేస్తే మొత్తం 24 కిలోవాట్లు. 230 వోల్టుల వద్ద ఇది సుమారు 104 ఆంపియర్లు. వాటి స్థానంలో 200 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు వాడితే సుమారు 21 ఆంపియర్లతో సరిపోవును. భారం తగ్గినది కనుక ప్రమాదం కూడా తగ్గినదని అనుకొనే వీలు లేదు. ఎల్‌ఈడీ పరికరాలలోని పవర్ సప్లైలు పుట్టించే హార్మోనిక్ విద్యుత్తులో కొంత భాగం మూడు ఫేజుల నుండి వచ్చి న్యూట్రల్ తీగలో కలిసిపోవును. అందువల్ల న్యూట్రల్ తీగ అనుకున్నదానికంటె ఎక్కువ వేడెక్కవచ్చును. జనరేటరు వద్ద న్యూట్రల్ వదులైతే 230 వోల్టుల పరికరంపై 400 వోల్టుల వరకు పడే అవకాశమున్నది. కల్యాణ మండపాలలో ఉన్నట్టుండి మిక్సర్లు, ఆంప్లిఫయర్లు కాలిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంటి వైరింగు నేర్చిన విద్యార్థికి ఈ సంగతి ఎదురయ్యే అవకాశం తక్కువ.

దీపాల నియంత్రణ కూడా మారినది. 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక సంఘం రూపొందించిన డీఎంఎక్స్ 512 పద్ధతిలో ఒకే తీగ ద్వారా 512 మార్గాలను నడపవచ్చును. ఒక్కొక్క డిమ్మరు మీటను చేతితో జరిపిన మనిషి నేడు కంప్యూటరు వంటి బల్ల ముందు కూర్చొని ప్రతి దీపానికి చిరునామా ఇవ్వవలసి ఉంటుంది.

అన్నిటికంటె బరువైన పాఠం, అక్షరాలా, వ్రేలాడదీయడానికి సంబంధించినది. వంద కిలోల దీపాల చట్రాన్ని రెండు తాళ్ళతో పైనుండి కట్టామనుకుందాం. రెండు తాళ్ళ మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కొక్క తాడు సుమారు 58 కిలోలు మోయును. 90 డిగ్రీలకు సుమారు 71, 120 డిగ్రీలకు పూర్తిగా వంద కిలోలు. కోణం 150 డిగ్రీలకు చేరితే ఒక్కొక్క తాడుపై దాదాపు 193 కిలోలు పడును. అంటే రెండు తాళ్ళు ఉన్నవి కదా, చెరి సగం మోస్తాయిలే అనుకొనే పనివాడు తనకు తెలియకుండానే తాడుపై నాలుగింతలు భారం వేస్తున్నాడు. పదవ తరగతి త్రికోణమితి చాలు దీనిని లెక్కకట్టడానికి. ఆ త్రికోణమితి ఎందుకు నేర్చుకోవాలో విద్యార్థికి చెప్పగల ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

2024 జనవరి 18న హైదరాబాదు శివారులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ రజతోత్సవంలో ఇద్దరు అధికారులను ఇనుప పంజరంలో నిలిపి పైనుండి వేదికపైకి దింపుతుండగా గొలుసు ఒకవైపు తెగి ఇద్దరూ కింద పడ్డారు. సంస్థ అధిపతి మరణించాడు, రెండవ వ్యక్తి తీవ్రంగా గాయపడ్డాడు. మనుషులను గాలిలో దించే పనిని సురభి వారు తరాలుగా తీగలతో చేస్తూ వచ్చారు. పరికరం కొత్తదైనంత మాత్రాన నేర్పు దానితోపాటు రాదు. మనుషులను మోసే తాడుకు, గొలుసుకు మోయవలసిన బరువుకంటె అనేక రెట్ల సామర్థ్యం ఉండాలి, మొదటిది తెగినా పట్టి ఉంచే రెండవ ఆధారం ఉండాలి, ప్రతి ప్రదర్శనకు ముందు పరీక్షించి వ్రాసిపెట్టాలి. ఈ మూడు అలవాట్లు చిన్న వయసులోనే పడవలసినవి.

జనసమూహాల సంగతి కూడా ఈ చదువులో చేరదగినది. 2022 డిసెంబరు 28న కందుకూరులో జరిగిన సభలో తొక్కిసలాట వల్ల 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో 3 మంది మరణించారు. బారికేడ్లు ఎక్కడ పెట్టాలి, బయటికి దారులు ఎన్ని ఉండాలి అన్నవి వేదిక కట్టేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్నలు.

ధ్వని, చట్టం

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు ప్రయాణించును. వేదికకు 34 మీటర్ల దూరంలో మరొక స్పీకరు పెడితే, దానికి సుమారు పదో వంతు సెకను ఆలస్యం ఇవ్వకపోతే వెనుక కూర్చున్నవారికి మాట రెండుసార్లు వినిపించును. పాతకాలపు గొట్టం మైకుల ఊరేగింపులలో ఈ గందరగోళం అందరికీ పరిచయమే.

2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఉత్సవ సందర్భాలలో రాష్ట్ర ప్రభుత్వం సంవత్సరానికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చును. నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్స్ తగ్గును. పది మీటర్ల వద్ద 100 డెసిబెల్స్ ఉన్న ధ్వని 160 మీటర్ల వద్ద కూడా 76 దగ్గర నిలుచును. కాబట్టి స్పీకరును ఏ దిక్కుకు తిప్పాలి, ఎంత ఎత్తున పెట్టాలి అన్నది పక్క వీధిలోని రోగికి, పరీక్షకు చదువుకొనే పిల్లవానికి సంబంధించిన విషయము. తెల్లవార్లూ పద్య నాటకం ఆడే మన సంప్రదాయానికి, ఈ నియమానికి మధ్య ఘర్షణ ఉన్నమాట నిజమే.

కొత్త చట్రం, బోధకుల సమస్య

2013లో ప్రకటించిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం పని నైపుణ్యాలను స్థాయిలుగా విభజించినది. వినోదరంగానికి మీడియా అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ స్కిల్స్ కౌన్సిల్ ఉద్యోగ ప్రమాణాలను రూపొందిస్తున్నది. 2020 జాతీయ విద్యావిధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం కావాలని పేర్కొన్నది. అయితే ఈ రంగపు ప్రమాణాలలో సినిమా, టెలివిజన్, యానిమేషన్ పనులకు దక్కిన శ్రద్ధ ప్రత్యక్ష వేదికకు దక్కలేదు. తప్పు పడితే సినిమాలో మరొకసారి తీయవచ్చును. వేదికపై ఆ సౌకర్యం లేదు.

అసలు చిక్కు బోధకుల వద్ద ఉన్నది. తెలిసినవారికి పట్టా లేదు, పట్టా ఉన్నవారు నిచ్చెన ఎక్కలేదు. ఇరవై ఏళ్ళుగా మైక్‌సెట్టు నడుపుతున్న వ్యక్తిని కళాశాలలో అధ్యాపకునిగా నియమించడానికి నిబంధనలు అడ్డువచ్చును. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో భాగమైన పూర్వానుభవ గుర్తింపు విధానం ద్వారా ఇటువంటి పనివారిని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వవచ్చును. ధ్రువపత్రం పొందినవారిని గంటల లెక్కన అతిథి బోధకులుగా పిలిస్తే జూనియర్ కళాశాలలకు ఖర్చు కూడా తక్కువ.

ప్రయోగశాల విషయంలో విజయవాడ వంటి నగరానికి ఒక అనుకూలత ఉన్నది. ఖరీదైన పరికరాలన్నిటినీ కళాశాల కొనవలసిన పని లేదు. ప్రదర్శనశాలలు ఖాళీగా ఉండే పగటి వేళలలో తరగతులు నడపవచ్చును. దసరా ఉత్సవాలు, నాటక పోటీలు, పెళ్ళిళ్ళ కాలం శిక్షణ రోజులుగా పనికివచ్చును. ఆ రోజులలో విద్యార్థిని రాత్రి రెండు గంటల వరకు ఉచితంగా బరువులు మోయించుకొని శిక్షణ అని పేరుపెట్టే ప్రమాదం కూడా అంతే వాస్తవం. కాబట్టి పని గంటలు, శిరస్త్రాణం, భీమా, ఎత్తున పనిచేసేటప్పుడు నడుముకు కట్టే రక్షణ పట్టీ కళాశాలకు, శిక్షణ ఇచ్చే సంస్థకు మధ్య వ్రాతపూర్వక ఒప్పందంలో ఉండవలసినవి.