ఎస్తేరు కథాశ్రవణము

పారసీకరాజునకు రాణియై, ప్రాణమునకుఁ దెగించి స్వజనుల వధను మాన్పిన యూదకన్య ఎస్తేరు. పూరీము పండుగనాఁడు ఆమె కథను తోలుచుట్టనుండి చదువఁగా వినుట యూదులకు విధి, స్త్రీలకును విధియే. వధకుఁ బూనిన మంత్రి హామాను పేరు వినఁబడినప్పుడెల్ల శ్రోతలు చప్పుడుచేసి దానిని మఱుఁగుపఱతురు.

కథలోని రాజు అహష్వేరోషు క్రీ.పూ. 486-465 నడుమ నేలిన క్షయార్షుఁడని పలువురి మతము. అయినను హెరొడోటసు ఆతని భార్యను అమేస్త్రిస్ అనియే పేర్కొనెను. పారసీక శాసనములందు ఎస్తేరు కానరాదు. కావున పెక్కుమంది పండితులు దీనిని చారిత్రకాఖ్యాయికగా నెంతురు. హీబ్రూ మూలమున దైవనామమే లేదు. గ్రీకు పాఠమున ప్రార్థనలు చేరినవి.

ఈ శ్రవణపరంపర జరిగినదానికి సాక్ష్యము గాదు. ప్రాణభయమున నున్న జాతి యేమి వినఁగోరెనో దానికి సాక్ష్యము. చరిత్రకారుఁడు రెండవదానిని త్రోసిపుచ్చరాదు.