బాల్టోకు పిల్లలు లేవు

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక బండరాయి మీద కంచు కుక్క నిలబడి ఉంటుంది. పిల్లలు ఎక్కీ ఎక్కీ దాని వీపు నున్నబడిపోయింది. పేరు బాల్టో. 1925 డిసెంబరులో ఆ విగ్రహాన్ని ఆవిష్కరించేనాటికి అసలు కుక్క బతికే ఉంది. అంత పేరు తెచ్చుకున్న ఆ కుక్కకు సంతానం మాత్రం లేదు. ఆరు నెలల వయసులోనే దాని విత్తులు తీయించేశారు. యజమాని లియోన్‌హార్డ్ సెప్పాలా లెక్కలో అది రెండో రకం కుక్క. సరుకు బండి లాగడానికి చాలు, వంశం నిలపడానికి చాలదు.

సెప్పాలా ఆషామాషీ మనిషి కాదు. నార్వే నుంచి 1900లో అలాస్కాలోని నోమ్‌కు వచ్చి, బంగారు గనుల కంపెనీ బళ్ళు తోలినవాడు. 1915, 1916, 1917లో వరసగా మూడేళ్ళు ఆల్ అలాస్కా స్వీప్‌స్టేక్స్ పందెం గెలిచినవాడు. కుక్కల గురించి ఆయన మాటంటే నోమ్‌లో తిరుగులేదు.

పైగా అది ఆయన కొత్తగా కనిపెట్టిన పద్ధతీ కాదు. మేలుజాతి కోడెను ఆబోతుగా వదిలి, మిగతావాటికి విత్తులు కొట్టించి కాడికి కట్టే మన రైతులాగే సైబీరియా చుక్చీలు కూడా జట్టును నడిపించగల మగకుక్కలను ఉంచుకుని, తక్కినవాటికి విత్తులు తీసేవారని హస్కీల చరిత్రకారులు చెబుతారు. కారణాలు పక్కా లౌకికం. పదీ పన్నెండు కుక్కలు ఒకే తాడుకు కట్టి ఉన్నప్పుడు ఎదకొచ్చిన ఆడకుక్క ఒక్కటుంటే చాలు, మగవాటి చూపు దారి మీద నిలవదు. ఒకటి మరొకదాన్ని కరుస్తుంది, తాళ్ళు చిక్కుపడతాయి, మంచులో బండి ఆగిపోతుంది. విత్తులు తీసిన కుక్క తక్కువ తిండితోనే ఒళ్ళు నిలుపుకుంటుంది కూడా. చలికాలమంతా ఎండు చేపల మీద బతకాల్సిన చోట అది చిన్న సంగతి కాదు.

సెప్పాలా కుక్కల్లోనే 1913లో పుట్టిన టోగో కథ ఇంకో రకం. జపాన్ నౌకాదళాధిపతి పేరు పెట్టుకున్న ఆ పిల్ల అర్భకంగా, రోగిష్టిగా ఉండేది. కొంచెం పెరిగాక అల్లరి తోడైంది. దీన్నీ సెప్పాలా పనికిరాదనే అనుకుని, ఆరు నెలలప్పుడు ఒకరికి పెంచుకోమని ఇచ్చేశాడు. అది కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి, తిరిగి ఆయన దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. ఇంకో రెండు నెలలకు కాడి కడితే మొదటి రోజే 75 మైళ్ళు పరుగెత్తిందని చెప్పుకుంటారు. సెప్పాలా తీర్పు తప్పింది. అదృష్టమేమంటే, అప్పటికి టోగో మీద కత్తి పడలేదు.

1925 జనవరిలో నోమ్‌లో డిఫ్తీరియా సోకినప్పుడు నెనానా నుంచి 674 మైళ్ళ దూరం ఇరవైమంది బండివాళ్ళు చేతులు మార్చుకుంటూ మందు తెచ్చారు. గడ్డకట్టిన నార్టన్ సౌండ్ సముద్రం మీదుగా అన్నిటికన్నా పొడవైన, ప్రమాదకరమైన దారిలో సెప్పాలా బండిని నడిపించింది టోగో. చివరి 53 మైళ్ళు గున్నార్ కాసెన్ బండి. సెప్పాలా ఇంటి దగ్గర వదిలివెళ్ళిన కుక్కల్లోంచి బాల్టోను ఏరి ముందు కట్టుకున్నవాడు కాసెనే. తుపానులో బండి బోల్తాపడి మందు పెట్టె మంచులో పడిపోతే, చేతి తొడుగులు తీసేసి వట్టి చేతులతో తడుముకుని వెతికాడు. ఫిబ్రవరి 2 తెల్లవారుజామున ఊరు చేరాడు. పేరంతా బాల్టోకు దక్కింది. సెప్పాలా ఆ నొప్పి చివరిదాకా మరచిపోలేదు.

పేరు ఒకరికి, వంశం ఒకరికి. టోగో సంతతి అమెరికాలోని సైబీరియన్ హస్కీల వంశవృక్షాల్లో నిలిచిపోయింది. బాల్టో 1933లో క్లీవ్‌లాండ్‌లో చనిపోయింది. అక్కడి మ్యూజియంలో భద్రపరచిన దాని చర్మం నుంచి డీఎన్ఏ తీసి శాస్త్రవేత్తలు 2023లో సైన్స్ పత్రికలో వ్యాసం రాశారు. నేటి జాతి కుక్కలతో పోలిస్తే దానిలో హానికర జన్యుమార్పులు తక్కువట! రెండో రకం ముద్ర పడ్డదానికి ఇది మంచి సర్టిఫికెట్టే. అయినా ఒక్క తుపాను రాత్రిని, కొన్ని జన్యువులను చూసి సెప్పాలాను తప్పుపట్టడం సబబు కాదు. ఆయన తప్పల్లా ఆరు నెలలకే తేల్చేయడం.

దేన్ని సంతానానికి ఉంచాలనే ఇదే చిక్కును అంధులకు దారి చూపే కుక్కల సంస్థలు మరోలా విప్పుకున్నాయి. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదలైన ఈ శిక్షణ, 1929లో సీయింగ్ ఐ సంస్థతో అమెరికా చేరింది. మొదట్లో దొరికిన పెద్ద కుక్కలను తీసుకునేవారు, తర్వాత సొంతంగా పెంచడం మొదలైంది. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు వారాల పాటు ఎదలో ఉంటుంది. వెంటపడే వీధికుక్కలను చూపులేని మనిషి ఎలా తరుముతాడు? అందుకే పనిలోకి దిగేదానికి ఆపరేషన్ తప్పదు. సంతానానికి ఉంచినవి వేరు. అవి కుటుంబాల దగ్గర పెరుగుతాయి, దారి చూపే పని చేయవు. వాటి విలువ తేలేది వాటి పిల్లలు శిక్షణలో నెగ్గాక. సెప్పాలా కుక్కను చూశాడు, వీళ్ళు కుక్క సంతతిని చూస్తారు.

ఆపరేషన్ ఏ వయసులో చేయాలన్న సంగతి ఇంకా తెగలేదు. ఎదిగే ఎముకల చివర్లను సమయానికి మూసే పని లైంగిక హార్మోన్లది. వాటిని ముందే తీసేస్తే కాళ్ళు మోతాదు మించి పెరిగి కీళ్ళు కుదురుగా అమరవు. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు జర్మన్ షెపర్డ్‌లను పరిశీలిస్తే, ఆపరేషన్ చేయని మగవాటిలో 7 శాతానికి కీళ్ళ జబ్బులుంటే, ఏడాదిలోపు చేసినవాటిలో 21 శాతానికి కనిపించాయి. ఆడవాటిలో 5 శాతం 16కు చేరింది. మరోవైపు, ఆపరేషన్ చేయని ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టే ముప్పు ఎప్పుడూ ఉంటుంది.

తెలంగాణ పోలీసులు మొయినాబాద్‌లో తయారుచేసే జాగిలాల్లోనూ జర్మన్ షెపర్డ్‌లున్నాయి. ఆ జాతికి రెండేళ్ళు నిండేదాకా ఆగమన్నది డేవిస్ బృందం 2020లో ఇచ్చిన సలహా. కుక్కను పనిలో పెట్టదలచినవాళ్ళు ఆరు నెలలకే కత్తి పట్టించకుండా, ముందు పశువైద్యుడితో ఈ లెక్క వేయించుకోవాలి.