ఇండియన్ ఓషన్: మూడున్నర దశాబ్దాల పాట, అభిమానులకు కబురు చేరిన దారులు

ఒక సంగీత బృందాన్ని అభిమానించే వారికి పాట ఎంత ముఖ్యమో, ఆ పాటను గురించిన కబురూ అంతే ముఖ్యం. కొత్త ఆల్బమ్ ఎప్పుడు వస్తుంది, తదుపరి కచేరీ ఏ నగరంలో, బృందంలోకి ఎవరు వచ్చారు, ఎవరు వైదొలిగారు అన్న ప్రశ్నలు వారిని వెన్నంటే ఉంటాయి. మన దేశంలో సినిమా పాటకు సినిమాయే పెద్ద ప్రచారం. సొంతంగా పాటలు కట్టుకుని, సొంతంగా పాడుకునే రాక్ బృందానికి ఆ వసతి లేదు. అటువంటి పాట ఒకటి ఉన్నదన్న సంగతే ముందుగా శ్రోతకు చేరవలసి ఉంటుంది. 1990లో ఢిల్లీలో ఏర్పడి నేటికీ కచేరీలు చేస్తున్న ఇండియన్ ఓషన్ బృందం చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే, దేశంలో స్వతంత్ర సంగీతం శ్రోతలను ఎలా సంపాదించుకున్నదో అర్థమవుతుంది.

ఆరంభం

గిటారిస్టు సుస్మిత్ సేన్, గాయకుడు, తబలా వాద్యకారుడు అయిన అషీమ్ చక్రవర్తి ఈ బృందానికి మూలపురుషులు. 1980ల మధ్యలో పరిచయమైన వీరిద్దరూ 1990లో బృందంగా ఏర్పడ్డారు. ‘ఇండియన్ ఓషన్’ అన్న పేరును సూచించినది సుస్మిత్ సేన్ తండ్రి. ఆ తరువాత బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్ వాద్యకారుడు అమిత్ కిలమ్ వచ్చి చేరారు. ఈ నలుగురి కలయికనే చాలామంది అభిమానులు ఇండియన్ ఓషన్ అసలు రూపంగా గుర్తుపెట్టుకున్నారు.

అప్పటి రాక్ బృందాలలో ఎక్కువ భాగం ఆంగ్ల గీతాలను అనుకరించేవి. ఇండియన్ ఓషన్ దారి వేరు. తబలాను డ్రమ్స్ పక్కన కూర్చోబెట్టి, హిందుస్తానీ స్వరాల పోకడలను గిటారుపై పలికించి, జానపద గీతాలను రాక్ లయలో అల్లుకున్నది. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో డాక్టరేట్ పొందినవారు, నర్మదా ఉద్యమంలో పాల్గొన్నవారు. నర్మదా నదిని కీర్తించే ‘మా రేవా’ జానపద గీతం బృందం పాటలలోకి వచ్చిన నేపథ్యం అదే.

క్యాసెట్టు నుంచి చేతులు మారిన కబురు

బృందం తొలి ఆల్బమ్ 1993లో హెచ్‌ఎంవీ సంస్థ ద్వారా వెలువడింది. ఆ రోజుల్లో పట్టణ యువతకు పాశ్చాత్య బాణీ సంగీతాన్ని, సంగీత వార్తలను అందించిన మార్గాలు పరిమితం. 1969లో ఢిల్లీలో మొదలైన ఆకాశవాణి యువవాణి ప్రసారాలు, విదేశీ రేడియో కేంద్రాలు, కొన్ని ఆంగ్ల పత్రికలు, మిత్రుల చేతులు మారే క్యాసెట్లు అటువంటివి. 1993లో అలహాబాద్ నుంచి ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ పత్రిక వెలువడటంతో రాక్ అభిమానులకు తమదైన వార్తాపత్రిక ఒకటి దొరికింది. ఏ ఊళ్లో ఏ బృందం పుట్టిందో, ఏ కళాశాలలో పోటీ జరుగుతున్నదో ఇతర ప్రాంతాల వారికి తెలిసే వీలు కలిగింది.

రెండవ ఆల్బమ్ ‘డెజర్ట్ రెయిన్’ పుట్టుకే ఒక కచేరీలో జరిగింది. 1997 జనవరి 1న ఢిల్లీలో రంగస్థల కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మారకంగా ఏర్పాటైన బహిరంగ సభలో బృందం ఇచ్చిన ప్రదర్శననే రికార్డు చేసి విడుదల చేశారు. కచేరీకి వెళ్లలేకపోయిన వారికి కచేరీయే ఇంటికి వచ్చినట్లయింది.

2000లో టైమ్స్ మ్యూజిక్ ద్వారా వచ్చిన ‘కందీసా’ ఆల్బమ్‌తో బృందానికి దేశవ్యాప్త గుర్తింపు లభించింది. అందులోని పేరు పాట కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థనాగీతం. దాని భాష ఏసుక్రీస్తు కాలం నాటి అరమాయిక్ భాషకు చెందిన శాఖ. ‘కందీసా’ అంటే పరిశుద్ధుడు. వింటున్న వారిలో నూటికి తొంభై మందికి అర్థం తెలియని ఆ పాటను కళాశాల ఉత్సవాలలో వేలమంది గొంతు కలిపి పాడారు. ఆ ఉత్సవాలే బృందానికి ప్రధాన ప్రచార వేదికలయ్యాయి. ఒక కళాశాలలో విన్న విద్యార్థి సెలవులకు ఇంటికి వెళ్లి తమ్ముళ్లకు, మిత్రులకు వినిపించేవాడు. ఆ విధంగా మాట పాకింది.

సినిమాకు ముందే చేరిన పాట

1993 ముంబయి వరుస పేలుళ్ల ఉదంతంపై అనురాగ్ కశ్యప్ తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’ చిత్రానికి ఇండియన్ ఓషన్ సంగీతం సమకూర్చింది. న్యాయవివాదం కారణంగా చిత్రం విడుదల ఆగిపోయి, చివరకు 2007 ఫిబ్రవరిలో థియేటర్లకు వచ్చింది. పీయూష్ మిశ్రా రాసిన ‘బందే’ గీతం మాత్రం అప్పటికే యువత నోళ్లలో నానుతున్నది. సినిమా లేకుండానే సినిమా పాట ప్రాచుర్యం పొందిన అరుదైన సందర్భమిది. ఆ తరువాత ‘పీప్లీ లైవ్’, ‘మసాన్’ చిత్రాలకూ బృందం పాటలు అందించింది. సినిమాల ద్వారా బృందాన్ని తెలుసుకున్న కొత్త శ్రోతలు వెనక్కి వెళ్లి పాత ఆల్బమ్‌లను వెతుక్కున్నారు.

2009: అభిమానుల ముందు నిలిచిన ప్రశ్న

2009లో దోహాలో ఉండగా అషీమ్ చక్రవర్తికి గుండెపోటు వచ్చింది. కొన్ని వారాల చికిత్స అనంతరం ఆ ఏడాది డిసెంబరు 25న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. తబలా వాయిస్తూనే పాడే ఆయన గొంతు ఇండియన్ ఓషన్‌కు ముద్రగా నిలిచినది. ఆ గొంతు లేకుండా బృందం ఉంటుందా, కచేరీలు కొనసాగుతాయా అన్న ప్రశ్న అభిమానులను కలవరపెట్టింది.

ఆ ప్రశ్నకు మరుసటి సంవత్సరం రెండు రూపాలలో సమాధానం దొరికింది. జైదీప్ వర్మ దర్శకత్వంలో బృందం జీవితంపై రూపొందిన ‘లీవింగ్ హోమ్’ డాక్యుమెంటరీ 2010 ఏప్రిల్‌లో థియేటర్లలో విడుదలైంది. దానికి జాతీయ చలనచిత్ర పురస్కారం లభించింది. అదే ఏడాది జూలైలో ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్ పాటలు రావడం మొదలైంది. ఢిల్లీ కరోల్ బాగ్‌లో బృందం ఎన్నో ఏళ్లు సాధన చేసిన పాత ఇంటి చిరునామా అది. ఆ ఆల్బమ్‌లోని ఏడు పాటలను నెలకు ఒకటి చొప్పున బృందం ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా అందించింది. అషీమ్ మరణానికి ముందే రికార్డు చేసిన ఆయన గొంతు ఆ పాటలలో ఉన్నది.

రికార్డు కంపెనీ, దుకాణం అన్న మధ్యవర్తులను పక్కనపెట్టి, పేరున్న ఒక భారతీయ బృందం శ్రోతలకు నేరుగా పాటను చేర్చిన తొలి ప్రధాన ప్రయత్నాలలో ఇది ఒకటి. డబ్బు పెట్టి కొనే పాటను ఉచితంగా ఇస్తే బృందం ఎలా బతుకుతుందన్న సందేహం సహజమే. స్వతంత్ర బృందాలకు ఆల్బమ్ అమ్మకాల నుంచి వచ్చేది స్వల్పం, జీవనాధారం కచేరీలే. పాటను ఉచితంగా విన్నవారు కచేరీకి టికెట్టు కొని వస్తారన్నది అందులోని లెక్క. అభిమానుల వైపు నుంచి చూస్తే, నెలనెలా వచ్చే ప్రతి పాటా బృందం బతికే ఉన్నదన్న వార్త.

మారిన బృందం, కొనసాగిన పాట

అషీమ్ స్థానాన్ని ఒక్కరితో భర్తీ చేయలేదు. గానాన్ని హిమాంశు జోషి, తబలాను తుహిన్ చక్రవర్తి స్వీకరించారు. 2013లో వ్యవస్థాపకుడు సుస్మిత్ సేన్ కూడా వైదొలిగారు. గిటారిస్టుగా నిఖిల్ రావు వచ్చారు. 2014లో వచ్చిన ‘తందాను’ ఆల్బమ్‌లో శుభా ముద్గల్, శంకర్ మహదేవన్, విశ్వమోహన్ భట్ వంటి ప్రముఖులు ఒక్కో పాటలో బృందంతో కలిశారు. చాలా విరామం తరువాత 2023లో ‘తూ హై’ ఆల్బమ్ వెలువడింది. ఆల్బమ్‌కు, ఆల్బమ్‌కు మధ్య ఏళ్లు గడిచినా హైదరాబాద్ సహా దేశంలోని పలు నగరాలలో, విదేశాలలో కచేరీలు సాగుతూనే వచ్చాయి. అందుకే ఈ బృందం అభిమానులకు కొత్త పాట కబురు కంటే కచేరీ తేదీల కబురే ఎక్కువగా అందుతుంది.

సరిహద్దుకు ఆవల

ఇండియన్ ఓషన్ ఏర్పడిన 1990లోనే పాకిస్తాన్‌లో గిటారిస్టు సల్మాన్ అహ్మద్ ‘జునూన్’ బృందాన్ని స్థాపించారు. సూఫీ కవిత్వాన్ని రాక్ సంగీతంతో మేళవించిన ఈ బృందం 1997 నాటి ‘ఆజాదీ’ ఆల్బమ్‌లోని ‘సయోనీ’ పాటతో భారత్‌లో కూడా విశేష ఆదరణ పొందింది. 1998లో వారు భారత్‌లో పర్యటించారు. అణుపరీక్షలపై వారు చేసిన వ్యాఖ్యల దరిమిలా పాకిస్తాన్ ప్రభుత్వ రేడియో, టెలివిజన్‌లలో వారి పాటలపై నిషేధం వచ్చింది. అయినా క్యాసెట్లు, శాటిలైట్ చానళ్ల ద్వారా అభిమానులకు వారి పాట చేరుతూనే ఉన్నది. 2008 మే నెలలో శ్రీనగర్‌లో దాల్ సరస్సు తీరాన వారు కచేరీ చేశారు. కబురు అందే దారి ఒకటి మూసుకుంటే శ్రోతలు మరొకటి వెతుక్కుంటారనడానికి ఉపఖండంలో ఇది మంచి ఉదాహరణ.

కచేరీ వార్త ఎందుకు మారుతుంది

కచేరీ తేదీ ప్రకటించిన తరువాత వేదిక మారడం, సమయం ముందుకు జరగడం, ఒక్కోసారి రద్దు కావడం అభిమానులకు అనుభవమే. ఒక బహిరంగ కచేరీకి స్థల యజమాని సమ్మతితోపాటు పోలీసు, అగ్నిమాపక శాఖ, స్థానిక పురపాలక సంస్థల అనుమతులు కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వాలు సడలింపు ఇవ్వగలవు. అనేక కచేరీలు పదింటికల్లా ముగిసే కారణం ఇదే. ఆలస్యంగా వెళ్లిన అభిమాని సగం కచేరీ కోల్పోతాడు.

వార్త సకాలంలో చేరకపోతే ఏమవుతుందో 2011 అక్టోబరు 28న గురుగ్రామ్‌లో (అప్పటి గుడ్‌గావ్‌లో) కనిపించింది. అమెరికన్ బృందం మెటాలికా కచేరీ కోసం వేలమంది మైదానానికి చేరిన తరువాత, మొదట మరుసటి రోజుకు వాయిదా అని, ఆపై రద్దయిందని ప్రకటించారు. ఆగ్రహించిన జనం వేదికను ధ్వంసం చేశారు. రెండు రోజుల తరువాత బెంగళూరులో అదే బృందం కచేరీ జరిగింది.

బ్రిటన్ బృందం కోల్డ్‌ప్లే పర్యటన మరో పాఠం. 2025 జనవరి 18, 19, 21 తేదీలలో నవీ ముంబయిలో, 25, 26 తేదీలలో అహ్మదాబాద్‌లో ఈ బృందం కచేరీలు చేసింది. 2024 సెప్టెంబరులో ముంబయి టికెట్లు అమ్మకానికి పెట్టిన కొద్దిసేపటికే అయిపోయాయి. ఆ వెంటనే అనేక రెట్లు ధరకు మళ్లీ అమ్మకానికి కనిపించాయి. నకిలీ టికెట్లు, అక్రమ అమ్మకాలపై ఫిర్యాదులు రావడంతో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పలు రాష్ట్రాలలో సోదాలు జరిపింది. జనవరి 26 కచేరీని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయడంతో టికెట్టు దొరకని వారూ చూడగలిగారు.

అభిమానులు గమనించవలసినవి

ఒకప్పుడు కబురు అందకపోవడం సమస్య అయితే, నేడు అందిన కబురులో నిజమెంత అన్నది సమస్య. పర్యటన వార్తను మూడు చోట్ల సరిచూసుకోవడం మేలు: బృందం సొంత వెబ్‌సైట్ లేదా అధికారిక ఖాతా, కచేరీ జరిగే వేదిక, టికెట్లు అమ్మే అధికారిక సంస్థ. ఈ మూడింటిలో తేదీ, స్థలం ఒకటిగా ఉంటే వార్తను నమ్మవచ్చు. కచేరీ రద్దయితే సొమ్ము ఎలా తిరిగి వస్తుందో టికెట్టు కొనకముందే నిబంధనలలో చదువుకోవాలి. టికెట్టుపై ఉన్న కోడ్‌ను ఫొటో తీసి సామాజిక మాధ్యమాలలో పెడితే దానిని మరొకరు వాడుకునే ప్రమాదం ఉంది. ప్రయాణం, బస ఏర్పాట్లను రద్దు చేసుకునే వీలున్న పద్ధతిలో చేసుకుంటే నష్టం తగ్గుతుంది.

ఇండియన్ ఓషన్ వంటి బృందాలకు పెద్ద పెట్టుబడి, భారీ ప్రచారం ఏనాడూ లేవు. క్యాసెట్టు చేతులు మారిన కాలంలోనూ, నెలకొక పాట ఇంటర్నెట్‌లో దిగిన కాలంలోనూ ఆ పాటను ఊరూరా చేర్చింది ఒక శ్రోత మరొక శ్రోతకు చెప్పిన మాట. కచేరీ తేదీని మిత్రుడికి పంపే ముందు అది నిజమో కాదో ఒకసారి చూసుకునే అభిమాని ఇప్పటికీ ఆ పనినే చేస్తున్నాడు.